అక్కఱలేని ఈ-మెయిలు: దాని నరికట్టుట యేల కష్టము?

దూరమున నున్నవారిని దగ్గఱ చేయుట యుత్తరముయొక్క పని. అట్టి యుత్తరము కంప్యూటరు మూలమున క్షణములో దేశాంతరములకు పోవ నేర్చిన పిమ్మట దానికి ఈ-మెయిలు అను పేరు వచ్చినది. నేడు పై తరగతుల విద్యార్థులలో పెక్కుమందికి ఈ-మెయిలు చిరునామా కలదు. కళాశాలలో ప్రవేశమునకును, ఉపకారవేతనమునకును, పరీక్షల దరఖాస్తునకును దాని యవసరము కలుగుచున్నది. కాని యా పెట్టెను తెఱచినవారికి తామెఱుగనివారు వ్రాసిన, తాము కోరని యుత్తరములును కనబడుచుండును. ఒకడు మందు లమ్మజూచును. ఒకడు లాటరీలో లక్షలు వచ్చినవని చెప్పును. మఱియొకడు బ్యాంకు ఖాతా మూతపడునని బెదరించును. పిలువని పేరంటమునకు వచ్చు నిట్టి యుత్తరములనే స్పాము అందురు.

“చంద్రునిపై యంత్రములను దింపగలిగిన మనుష్యులు ఈ చెత్తను ఏల ఆపలేకున్నారు?” అని విద్యార్థులు అడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. సంగ్రహముగా చెప్పవలెనన్న సమాధాన మిది: ఈ-మెయిలును ఉపకారిగా చేసిన గుణమే దానిని అపకారి చేతికి కూడ చిక్కించినది. ముక్కు మొగము తెలియనివాడు సైతము సెలవడుగక, సొమ్ము చెల్లింపక మనకు వ్రాయగలుగుటయే యా గుణము. తలుపు బిగించినచో దొంగ రాడు, చుట్టమును రాడు. ఇక దీనిని వివరముగా చూతము.

1. పేరును పుట్టుకయు

స్పాము అనునది అమెరికాలోని హార్మెల్ కంపెనీవారు 1937వ సంవత్సరమునుండి డబ్బాలలో అమ్ముచున్న యొక మాంసపు పేరు. 1970వ సంవత్సరమున ఇంగ్లండులో మాంటీ పైథాన్ అను హాస్యబృందమువారు టెలివిజనులో ఒక చిన్న నాటిక నాడిరి. అందొక పూటకూటి యింటిలో దాదాపు ప్రతి వంటకమునందును ఈ మాంసమే యుండును. అక్కడ కూర్చున్న కొందఱు దాని పేరునే పాటగా పాడుచు తక్కినవారి మాట వినబడకుండ చేయుదురు. కోరకున్నను మాటిమాటికి వచ్చి అసలు మాటను ముంచివేయునది కనుక, అక్కఱలేని యుత్తరములకు కాలక్రమమున ఆ పేరే స్థిరపడినది.

అయితే పేరు కంటె వస్తువు ముందు పుట్టినది. ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరునకు ఉత్తరము పంపు పద్ధతిని 1971వ సంవత్సరమున రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు కనిపెట్టెను. పిదప నాలుగేండ్లకే, అనగా 1975 నవంబరులో, జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు చెత్త యుత్తరముల సమస్యను గూర్చి ఒక చిన్న పత్రము వ్రాసెను. ఒక యంత్రము పంపు నుత్తరములలో అక్కఱలేనివానిని మాత్రము వలదని త్రోసిపుచ్చు నుపాయము అందుకొను యంత్రమునకు లేదని అతడు ముందే గుర్తించెను. 1978 మే 3వ తేదీన గారీ త్యూర్క్ అను వ్యాపారి, తన కంపెనీయగు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనువారి క్రొత్త కంప్యూటర్లను చూడ రండని సుమారు 400 మందికి ఒక్కసారిగా ఉత్తరము పంపెను. లోకములో మొట్టమొదటి వ్యాపార స్పాము అదియే యని సాధారణముగా చెప్పుదురు. అందుకొన్నవారిలో పలువురికి కోపము వచ్చినది. ఇట్టి పని మరల చేయవలదని అతనిని మందలించిరి. నాటి జాలము చిన్నది కాబట్టి ఆ మందలింపే చాలినది.

2. తపాలా బిళ్ల లేని యుత్తరము

ఈ సమస్యయొక్క మొదటి మూలము వ్యయమునకు సంబంధించినది. 1840వ సంవత్సరమునకు ముందు ఇంగ్లండులో తపాలా కూలిని తఱచుగా ఉత్తరము అందుకొనువారే చెల్లించుచుండిరి. ఆ సంవత్సరమున రోలండ్ హిల్ అను సంస్కర్త యత్నముచేత ఒక పెన్నీ బిళ్ల వచ్చి, వ్రాయువాడే ముందుగా సొమ్ము చెల్లించు పద్ధతి యేర్పడినది. మనదేశమున 1879 జూలై 1వ తేదీన కానీకి పోస్టుకార్డు వచ్చినది. కానీ ఎంత చిన్నదైనను అది యొక కంచె వంటిది. ఈ కార్డును చదివినవారు ఇట్టివే మఱికొన్ని వ్రాసి పంపనిచో కీడు కలుగునని బెదరించు గొలుసు కార్డులను మన పెద్దలు ఎఱుగుదురు. అవియు నిష్కారణముగా భయపెట్టినవే. అయినను కార్డు వెల, చేతి నొప్పి రెండును ఉండుటవలన వానికొక మితి యుండెను.

ఈ-మెయిలునకు బిళ్ల లేదు, చేతి నొప్పియు లేదు. ఒక్క యుత్తరము వ్రాయుటకు పట్టు శ్రమయే లక్ష యుత్తరములకును చాలును. పైగా, వానిని అందుకొని నిలువచేయుటకు వలయు యంత్రముల ఖర్చు, వేఱు చేయువారి జీతములు, చదివి పాఱవేయు మన కాలము, ఇవన్నియు అందుకొనువారి మీదనే పడును. అనగా, రోలండ్ హిల్ తొలగించిన పాత పద్ధతి మఱియొక రూపమున తిరిగివచ్చినట్లయినది.

ఇట్టి యుత్తరములను ఎవరు నమ్ముదురని కొందఱు ఆశ్చర్యపడుదురు. 2008వ సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు దీనిని లెక్కించి చూచిరి. స్పాము పంపు నొక పెద్ద జాలములో స్వల్పభాగమును వారు 26 దినములు గమనించిరి. ఆ కాలమున మందుల ప్రకటనలు సుమారు 35 కోట్లు పంపబడినవి. కొనుటకు సిద్ధపడి చివరి మెట్టు వఱకు వచ్చినవారు 28 మంది మాత్రమే. భాగించి చూడుడు: ఒక కోటి ఇరువదియైదు లక్షల యుత్తరములకు ఒక్క బేరము. ఆ బేరముల మొత్తము విలువ మూడువేల డాలర్లకు లోపే. ఇవే ప్రకటనలను పోస్టుకార్డులపై, కార్డొక్కింటికి అర్ధరూపాయి చొప్పున పంపినచో పదునేడున్నర కోట్ల రూపాయలు కావలెను. ఏ వర్తకుడును ఆ పనికి పూనుకొనడు. ఉత్తరమునకు వెల లేనందువలన, కోటిమందిలో ఒక్కడు మోసపోయినను మోసగానికి లాభమే. తక్కిన తొంబదితొమ్మిది లక్షల తొంబదితొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది మంది బుద్ధిమంతులైనను స్పాము నిలువదు.

ఈ-మెయిలునకు కూడ ఒక విధమైన బిళ్లను పెట్టవచ్చునని పండితులు తలంచిరి. ప్రతి యుత్తరమునకు ముందు పంపువాని కంప్యూటరు ఒక చిక్కు లెక్కను చేసి తీరవలెనని 1992వ సంవత్సరమున సింథియా డ్వార్క్, మోనీ నవోర్ అను నిరువురు సూచించిరి. ఒక యుత్తరమునకు అది లెక్కలోనిది కాదు. కోటి యుత్తరములకు మోయరాని బరువు. 2004 జనవరిలో బిల్ గేట్స్ కూడ ఇట్టి యుపాయములను నమ్మి, రెండేండ్లలో స్పాము సమస్య తీరునని చెప్పెను. అది తీరలేదు. కారణమేమన, స్పాము పంపువారిలో పెక్కుమంది తమ కంప్యూటర్లను వాడరు. ఇతరుల యిండ్లలోని కంప్యూటర్లలో వారెఱుగకుండ చెడు ప్రోగ్రాములను చొప్పించి, వానిచేత వెట్టిచాకిరి చేయింతురు. అట్లగుటచే బిళ్ల ఖర్చు మరల నిర్దోషుల మీదనే పడును. వేలకొలది తల్లిదండ్రులకు వార్త పంపు పాఠశాలయో, రోగులకు కబురు పంపు ధర్మాసుపత్రియో ఆ భారము మోయవలసి వచ్చును.

3. పంపువాని పేరు నమ్మరాదు

రెండవ మూలము చిరునామాలో నున్నది. ఈ-మెయిలు ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు నడచు పద్ధతిని పైన చెప్పిన జాన్ పోస్టెలే 1982 ఆగస్టులో వ్రాసి ప్రకటించెను. దానికి పిదప కొన్ని సవరణలు జరిగినను, లోకమంతటను నేటికిని నడచుచున్నది ఆ పద్ధతియే. అది పుట్టిన నాడు జాలములో నున్నవారు విశ్వవిద్యాలయములవారు, పరిశోధకులు, ప్రభుత్వోద్యోగులు మాత్రమే. ఒకరిపై నొకరికి నమ్మకము కలదు. కావున పంపువాడు తన పేరేమని చెప్పిన అదే నిజమని యంత్రము స్వీకరించును. పోస్టుకార్డుపై “ఇట్లు, కలెక్టరుగారు” అని ఎవడైనను వ్రాయవచ్చును గదా! తపాలా బంట్రోతు ఆ సంగతి విచారింపడు.

ఈ లోపమును సవరించుటకు తరువాత మూడు ఉపాయములు వచ్చినవి. తన పేరిట ఉత్తరములు మోయుటకు ఏయే యంత్రములకు అధికారము కలదో ప్రతి సంస్థయు బహిరంగముగా ప్రకటించుట మొదటిది, దానిని ఎస్.పి.ఎఫ్. అందురు. ఉత్తరముపై ఇతరులు వేయజాలని యొక గణితముద్రను వేయుట రెండవది; దాని పేరు డి.కె.ఐ.ఎమ్. ఈ పరీక్షలలో తప్పిన యుత్తరము నేమి చేయవలెనో సంస్థవారే తెలుపుట మూడవది, దానిని డి.ఎమ్.ఏ.ఆర్.సి. అందురు. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్ కంపెనీవారు, జీమెయిలు చిరునామాలకు దినమునకు 5000కు మించి ఉత్తరములు పంపువారు ఈ మూడింటిని పాటించి తీరవలెనని నియమించిరి. యాహూవారును విస్తారముగా ఉత్తరములు పంపువారికి ఇట్టి నియమములనే విధించిరి.

ఇందువలన మేలు కలిగిన మాట నిజము. కాని ముద్ర పంపువాడెవడో చెప్పునే గాని, వాడు మంచివాడో కాదో చెప్పదు. మోసగాడు బ్యాంకు పేరును పోలిన క్రొత్త పేరొకటి, ఒక్క యక్షరము మార్చి, స్వల్పమైన రుసుము చెల్లించి తన పేరిట నమోదు చేసికొనును. దానికి మూడు ముద్రలను శాస్త్రోక్తముగా వేసికొనును. యంత్రమునకు అందు దోషము కానరాదు. ఆ యక్షరభేదమును కనిపెట్టవలసినది చదువువాని కన్నే.

4. జల్లెడ

ఇక ఉత్తరమును చదివి మంచి చెడ్డలను వేఱు చేయు జల్లెడల సంగతి. పేరు చూచి గుర్తింపలేనిదానిని మాటను బట్టి గుర్తింపవచ్చును గదా అని విద్వాంసులు యోచించిరి. దీనికి ఆధారమైన గణితసూత్రమును కనుగొన్నవాడు థామస్ బేయెస్ అను ఇంగ్లీషు మతాచార్యుడు. అతడు 1761లో మృతినొందగా, రెండేండ్లకు మిత్రుడు రిచర్డ్ ప్రైస్ ఆ వ్యాసమును ప్రకటింపించెను. 1998లో కొందఱు పరిశోధకులు దానిని చెత్త యుత్తరములకు ప్రయోగించిరి. 2002లో పాల్ గ్రాహం వ్రాసిన యొక వ్యాసముచేత అది బహుళ వ్యాప్తి నొందినది.

సూత్రమును ఒక యుదాహరణముతో తెలిసికొందము. చెత్త యుత్తరములు 100, మంచి యుత్తరములు 100 తీసికొందము. “బహుమానము” అను మాట చెత్తలో 40 ఉత్తరములందును, మంచివానిలో 2 ఉత్తరములందును కనబడినదనుకొనుడు. ఆ మాట గల యుత్తరములు మొత్తము 42. అందు చెత్త 40. కాబట్టి ఆ మాట గల క్రొత్త యుత్తరము చెత్త యగుటకు నూటికి 95 వంతులు అవకాశము కలదు. ఇట్లే పెక్కు మాటలను కలిపి లెక్కించి యంత్రము తీర్పు చెప్పును. నేటి జల్లెడలు మఱియు పెక్కు లక్షణములను చూచునవే గాని, వాని తీర్పు కూడ నిశ్చయము కాదు, సంభావ్యత మాత్రమే.

ఇందు రెండు చిక్కులు కలవు. మొదటిది శత్రువు బుద్ధి గలవాడగుట. మలేరియా దోమ వైద్యగ్రంథములను చదివి తన నడవడిని మార్చుకొనదు. స్పాము పంపువాడు మార్చుకొనును. ఆ మాటను ముక్కలు చేసి నడుమ చుక్కలు పెట్టును. అక్షరములకు మాఱుగా బొమ్మను పంపును. ముందుగా తానే యొక చిరునామా తీసికొని, తన యుత్తరము జల్లెడను దాటునో లేదో పరీక్షించి చూచుకొనును. ఇదివఱకు తప్పుల తడకయగు భాషను చూచి మోసమును గుర్తించుట సులభముగా నుండెను. యంత్రముచేతనే వాక్యములు వ్రాయించు సాధనములు వచ్చిన పిమ్మట ఆ గుఱుతును నమ్ముకొనుటకు వీలులేదు. మంచి తెలుగులోనే మోసపు టుత్తరము రావచ్చును.

రెండవ చిక్కు మఱింత ముఖ్యమైనది. ఒక కార్యాలయమునకు నెలకు 1000 ఉత్తరములు వచ్చుననియు, అందు 800 చెత్త, 200 మంచివనియు అనుకొందము. జల్లెడ నూటికి 99 సార్లు సరిగా తీర్పు చెప్పుననుకొందము. అప్పుడు 8 చెత్త యుత్తరములు మంచి పెట్టెలో చేరును. అవి మనకు విసుగు కలిగించును, చూచి పాఱవేయుదుము. కాని 2 మంచి యుత్తరములు చెత్త సంచిలో పడును. అక్కడ 792 చెత్త యుత్తరముల క్రింద నవి యడగియుండును. ఆ రెంటిలో నొకటి, పేద విద్యార్థికి ఉపకారవేతనము మంజూరైనదనియు, పదునైదు దినములలో కాగితములు పంపవలెననియు తెలుపు నుత్తరమైనచో నేమగును? దానిలో సొమ్ము మాట యుండును, గడువు మాట యుండును, పంపినవారు క్రొత్తవారై యుందురు. ఇవన్నియు మోసపు టుత్తరముల లక్షణములే. పాఠశాలవారి బహుమాన ప్రదానోత్సవ ఆహ్వానమునకు కూడ ఇదే గతి పట్టవచ్చును. జల్లెడ కన్నులను సన్నగా చేసినకొలది చెత్త తగ్గును. మంచి గింజలును ఎక్కువగా పోవును. ఈ రెండు నష్టములలో దేనిని సహింతుమన్నది నిర్ణయించుట గణితము పని కాదు, మనుష్యుల పని. ఇందువలననే జల్లెడను నిర్మించువారు కొంత చెత్తను తెలిసియే విడిచిపెట్టుదురు.

5. మూలచ్ఛేదము సాధ్యమా?

పంపువారినే పట్టరాదా యని యడుగవచ్చును. 2008 నవంబరు 11వ తేదీన అమెరికాలో మెకోలో అను నొక సంస్థకు ఇంటర్నెట్టు సంబంధమును తెంచివేసిరి. స్పాము పంపు జాలములను నడపు యంత్రములు పెక్కు అక్కడ నుండుటచే ఆ దినముననే లోకములోని స్పాము సగమునకు పైగా తగ్గినదని లెక్కించిరి. కాని కొన్ని నెలలలో ఆ జాలకులు వేఱు చోట్లకు చేరుకొనిరి. స్పాము పూర్వస్థితికి వచ్చినది.

చట్టములును కలవు. అమెరికాలో 2003వ సంవత్సరపు చట్టము 2004 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము వలదని మనము చెప్పువఱకు వ్యాపారి ఉత్తరములు పంపవచ్చును. ఐరోపాలో 2002వ సంవత్సరపు నిర్దేశము సాధారణముగా ముందుగా అనుమతి పొందవలెనని చెప్పుచున్నది. మనదేశమున విసుగు పుట్టించు ఈ-మెయిళ్లను గూడ నేరముగా చేసిన 66ఏ సెక్షనును, అది వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని సుప్రీంకోర్టువారు 2015 మార్చి 24వ తేదీన కొట్టివేసిరి. విసుగు అనగా నేమో నిర్వచింపకుండ శిక్షించినచో న్యాయమైన విమర్శ వ్రాయువాడును శిక్ష పాలగును గదా! ఇచ్చటను జల్లెడ చిక్కే కనబడుచున్నది. కంప్యూటరు మూలమున ఇతరుని వేషము ధరించి మోసగించుట మాత్రము 66డీ సెక్షను క్రింద నేరమే. కాని చట్టము దేశపు పొలిమేర వఱకే పోవును. ఉత్తరమునకు పొలిమేర లేదు.

2011లో పైన చెప్పిన విశ్వవిద్యాలయపు పరిశోధకులే మఱియొక త్రోవ చూపిరి. స్పాము మూలమున అమ్ముడగు మందులు, నకిలీ వస్తువులు, ప్రోగ్రాములు, వీనిలో నూటికి 95 వంతుల సొమ్ము కొద్ది బ్యాంకుల ద్వారముననే పోవుచున్నదని వారు కనుగొనిరి. యంత్రములు లక్షలు, పేర్లు వేలు; సొమ్ము చేరు త్రోవలు మాత్రము కొన్నియే. అక్కడ అడ్డగించుట యుత్తరముల నడ్డగించుటకంటె ఫలప్రద మని దీనినిబట్టి తెలియుచున్నది.

6. మన కర్తవ్యము

కావున స్పాము నశించు దినమునకై ఎదురు చూచుటకంటె దానితో జాగరూకతగా మెలగుట మేలు. విద్యార్థులు ఈ క్రింది నియమములను పాటింతురు గాక.

మొదటిది: వారమున కొక్కసారియైనను చెత్త సంచిని తెఱచి చూడవలెను. జీమెయిలునందు ఆ సంచిలోని యుత్తరములు 30 దినములకు తమంతట తామే తొలగిపోవును. దరఖాస్తు పెట్టుకొన్నవారు దీనిని ఎంతమాత్రము మఱువరాదు. అందు మంచి యుత్తరము దొరకినచో అది చెత్త కాదని గుఱుతు పెట్టవలెను. జల్లెడ దానివలన నేర్చుకొనును.

రెండవది: పంపువాని పేరును గాక చిరునామాను అక్షరాక్షరము చదువవలెను. త్వరపెట్టు నుత్తరమును చూచినప్పుడు మఱింత నిదానింపవలెను.

మూడవది: రహస్యపదమును గాని, బ్యాంకువారి ఓ.టి.పి.ని గాని యెవరు కోరినను తెలుపరాదు. సందేహము కలిగినచో ఉత్తరములోని లంకెను నొక్కక, బ్యాంకు పాసుపుస్తకముపై నున్న నంబరునకు ఫోను చేసి విచారింపవలెను.

నాలుగవది: ఎఱుగని చెత్త యుత్తరమునకు ప్రత్యుత్తరము వ్రాయరాదు, తిట్టుటకైనను వ్రాయరాదు. ఆ చిరునామాలో మనిషి కలడని పంపినవానికి తెలిసిపోవును.

ఐదవది: ఇంటిలో మోసపోయినవా రెవరైన నున్నచో వారిని ఎగతాళి చేయక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయింపవలెను. సిగ్గుచేత దాచిన ప్రతి గడియయు దొంగకు లాభము. తాతగారికి, అమ్మమ్మగారికి ఈ సంగతులను ఓపికగా చెప్పుట చదువుకొన్న పిల్లల విధి.

తుదకు ఒక్క మాట. ఈ-మెయిలును పూర్తిగా కట్టుదిట్టము చేయుట యసాధ్యము కాదు. ముందుగా మనము అనుమతించినవారు తప్ప వేఱెవరును వ్రాయరాదని నియమించినచో స్పాము నేడే ఆగిపోవును. కాని అప్పుడు ఒక పల్లెటూరి విద్యార్థి, తాను చదివిన గ్రంథమును వ్రాసిన పండితునకు సందేహము వ్రాసి పంపజాలడు. చిన్ననాడు విడిపోయిన స్నేహితుడు మనలను వెదకి పలుకరింపజాలడు. క్రొత్తవాడు వచ్చి తలుపు తట్టు హక్కును కాపాడుటకై లోకము ఈ చెత్త నింత కాలము సహించుచున్నది. ఆ వెల చెల్లింపదగినదే యని మా యభిప్రాయము. తట్టినవాడెవడో చూచి తలుపు తీయుట మాత్రము ఇంటివారి పని.